కోనసముద్రం ఉక్కు - కొడవలి పదును

వరికోతకు యంత్రాలు వచ్చాయి గాని, పచ్చగడ్డికీ, కందికట్టెకూ, గట్టుమీది కొమ్మకూ ఇప్పటికీ కొడవలే దిక్కు. ఆ కొడవలిని సాగగొట్టే కమ్మరి విద్య ఎంత దూరం పోయి వచ్చిందో వినండి.

నిజామాబాదు ప్రాంతంలో కోనసముద్రమని ఒక ఊరుంది. రెండువందల ఏళ్ల కిందట ఆ ఊరి ఉక్కుముద్దల కోసం పారశీక దేశంలోని ఇస్ఫహాను నుండి వర్తకులు వచ్చేవారు. కత్తులకు దానిని మించిన ఉక్కు లేదని వారి నమ్మకం. వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ కొలుములను కళ్లారా చూచి రాసిపెట్టాడు. ఆయన పోయిన తరువాత, 1832లో, అది కలకత్తాలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును మట్టిమూసలో వేసి, మూత మెత్తి, బొగ్గుమంటలో గంటల తరబడి తిత్తులూది కరిగించేవారట. మన 'ఉక్కు' మాటే దొరల నోట 'వూట్జ్' అయిందని పలువురు పండితులంటారు.

దాని కిటుకంతా కర్బనంలో ఉంది. మెత్తని ఇనుములో అది నూటికి 0.1 పాలు కూడా ఉండదు. అందుకే వంగిపోతుంది. పోత ఇనుములో 2 పాళ్లు దాటుతుంది, దెబ్బకు పగులుతుంది. మూస ఉక్కులో 1కీ 2కీ మధ్య ఉంటుంది. దీన్ని తెల్లగా కాచి కొడితే పొడిపొడి అయిపోతుంది. ఎర్రని వేడిలోనే ఓపికగా సాగగొట్టాలి. అది తెలియక సీమ కమ్మర్లు చాలా ముద్దలు పాడుచేశారు. ఫారడే అంతటివాడు 1819లో పరీక్షించి, గుణమంతా అల్యూమినియం వల్లనేనని పొరబడ్డాడు.

తరువాత సీమ ఉక్కు చవకగా దిగింది, మన మూసలు చల్లారాయి.

ఈ విద్యను మళ్లీ తట్టిలేపిన వారిలో సరదాకు కత్తులు చేసుకునేవారూ ఉన్నారు! అమెరికాలో మోరన్ అనే ఆయన పాడిపొలంలో పెరిగి, చిన్ననాడే కత్తులు కొట్టడం మరిగి, 1976లో కత్తుల కమ్మర్లకొక సంఘమే కట్టాడు. గుర్రాలకు నాడాలు కొట్టే పెండ్రే, వెర్‌హోవెన్ అనే ఆచార్యునితో కూడి ఏళ్ల తరబడి ముద్దలు పోసి, రవంత వెనేడియం వంటివి కలిసి ఉంటేనే ఆ పాత కత్తుల మీది నీటిచారలు తేలుతాయని 1998లో ప్రకటించాడు. చదువూ సుత్తె ఒకచోట కూడితే అంత పని జరిగింది.

ఇక మన సంగతి. వాళ్లు కత్తికి వాడే లారీ కమాను పట్టీ మన పాత ఇనుము కొట్లోనూ దొరుకుతుంది. కర్బనం 0.6 పాళ్లకు అటూ ఇటూ ఉంటుంది, కొడవలికి బాగా సరిపోతుంది. పదను పెట్టేటప్పుడు పాత రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని దగ్గర పెట్టుకోమని మీ కమ్మరితో చెప్పండి. కాగిన ఇనుము అయస్కాంతానికి అంటడం మానితే వేడి ఇంచుమించు సరిపోయినట్టే. మరికాస్త కాచి ముంచాలి. ఎండలో ఎరుపు తెలియదు, నీడలో చూడాలి. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు చిట్లవచ్చు. వెచ్చని వేరుశనగనూనె మేలు. తరువాత ఇసుకతో తోమి, నెమ్మదిగా మళ్లీ వేడి చూపి, ఎండుగడ్డి రంగు తేలగానే తీసేయాలి. దీనికంతా అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంటకు కూలి మీరివ్వాలి, ఇవ్వకుండా మంచి కొడవలి అడగడం న్యాయం కాదు. నూనె భగ్గుమంటే మూయడానికి రేకుమూత మాత్రం చేతికందేటట్టు ఉంచుకోమనండి.