సైకిలు గంట

సైకిలు పుట్టుకతోనే నిశ్శబ్ద వాహనము కాదు. 1860 దశాబ్దములో పారిస్ వీథులలో తిరిగిన తొలి సైకిళ్ళకు కొయ్యచక్రములు, వానిపై ఇనుపపట్టాలు ఉండెడివి. రాతిబాటపై అవి చేయు రొద వీథి చివరివరకు వినవచ్చెడిది. ఆంగ్లేయులు వానిని ఎముకలు కుదుపు బండ్లని ఎగతాళి చేసిరి. అట్టి బండికి గంటతో పనియేమి? పిదప చక్రములకు రబ్బరు, ఇరుసులకు ఉక్కుగుండ్లు వచ్చెను. 1877లో బర్మింగ్‌హాముకు చెందిన జాన్ రిచర్డ్ డెడికోట్ సైకిలు గంటకు పేటెంటు పొందెను. 1888లో బెల్‌ఫాస్టునందు డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంటు తీసికొనెను. ముందు పోవువారిని దాటునప్పుడు సైకిలువాడు గంటతోగాని, ఈలతోగాని, మరొక విధముగాగాని హెచ్చరింపవలెనని ఇంగ్లండులో శాసనమైనదియు ఆ సంవత్సరమే. చక్రము మౌనము వహించిన యేటనే చట్టము దానిచేత మాటలాడించెను.

ఈ గంటలలో ముఖ్యముగా రెండు జాతులు కలవు. మొదటిది ఒక్క దెబ్బ గంట. స్ప్రింగునకు బిగించిన చిన్న సుత్తిని వ్రేలితో లాగి విడిచినచో అది గిన్నెను ఒకసారి తాకును. రెండవది మన దేశములో అందరు ఎరిగిన ట్రింగుమను గంట. జనులు బెల్లు అనునది దీనినే. బొటనవ్రేలితో మీటను నొక్కగానే పండ్లచక్రములు కదలి లోపలి పలకను వేగముగా త్రిప్పును. పలకపై వదులుగానున్న బిళ్ళలు ఆ వేగమునకు బయటికి జరిగి గిన్నె లోపలి బుడిపెలను వరుసగా కొట్టును. ఒక్క దెబ్బ గంట నాదము తేట, చాలసేపు నిలుచును. తోటబాటలో ముందు నడచువానిని బెదరింపక తెలుపుటకు అదియే మేలు. సంతవీథిలో అది చాలదు. అచట బేరముల అరపులను చీల్చుకొని రాగలది ఎడతెగని గలగలయే. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 2,000 మొదలు 5,000 వరకు కంపనములుగల ధ్వనులను అన్నిటికంటె బాగుగా పట్టుకొనును. గిన్నె పెద్దదైనకొలది నాదము మంద్రమగును. కావున పెద్ద గంటయే గట్టి గంటయని కొనువాడు పొరపడును. కొనువాడు దుకాణములో మ్రోగించి చూచుకొనును గాని దుకాణము వీథి కాదు గదా! ఇంటికి తెచ్చి బిగించునప్పుడు గిన్నె అంచు బ్రేకు కడ్డీకి తగిలినచో ఎంత మేలైన గంటయైనను పగిలిన కుండవలె పలుకును.

సైకిలు వచ్చునప్పటికి భారతదేశపు బాటలు గంటలతో నిండియుండెను. ఎద్దుల మెడలో గంటలు, బండి గుఱ్ఱములకు మువ్వలు, కలకత్తాలో ట్రాము గంట. తపాలా సంచి మోసికొని పరుగెత్తు రన్నరు చేతి ఈటెకు గజ్జెలు కట్టియుండెడివి. అడవిదారిలో అవి మృగములను తొలగించుటకు, ఊరిలో ఉత్తరములు వచ్చెనని చాటుటకు. తపాలా బంట్రోతు సైకిలెక్కిన పిదప ఆ గజ్జెల పని ఈ గిన్నెకు సంక్రమించెను. వాకిట ట్రింగుమన్నచో ఇల్లాలు చేతిపని విడిచి వచ్చెడిది.

అయితే గంట మ్రోగించుట హెచ్చరిక మాత్రమే కాదు, దారి యడుగుట. దారి యడుగు హక్కు ఈ దేశములో అందరికి ఉండలేదు. 1893లో తిరువాన్కూరునందు పులయ కులమున పుట్టిన అయ్యన్‌కాళి, తనవారికి నిషిద్ధమైన బాటపై ఎద్దులబండి నెక్కి ప్రయాణము చేసెను. ఎద్దుల మెడలకు పెద్ద గంటలు కట్టించెనని ఆయన జీవితకథలు చెప్పుచున్నవి. అవి లేకున్నను బండి నడచెడిదే. తరువాతి కాలమున సైకిలు కొనుక్కొన్న దళితుడు, అనేక గ్రామములలో, అగ్రవర్ణముల వీథి రాగానే దిగి దానిని నడిపించుకొని పోవలసి వచ్చెడిది. హ్యాండిలుకు గంట యున్నను దానిని మ్రోగించు ధైర్యము చాలమందికి లేకుండెను. అట్టివాడు దుకాణములో ఏ గంట నెన్నుకొన్ననేమి?

అడ్డు కులమొక్కటే కాదు. సైకిలెక్కిన పల్లెపడుచును చూచి వీథి నవ్వెడిది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతోద్యమముతోపాటు స్త్రీలకు సైకిలు నేర్పుటయు సాగెను. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి అండగా నిలిచిరి. పొలము కూలీలు, రాతిక్వారీలలో పనిచేయువారు, పల్లె నర్సులు, ఉపాధ్యాయినులు నేర్చుకొనిరి. 1992లో అంతర్జాతీయ మహిళా దినమునాడు 1,500కు మించిన స్త్రీలు హ్యాండిళ్ళకు జెండాలు కట్టి, గంటలు మ్రోగించుచు పుదుక్కోట్టై వీథులలో సాగిరి. అన్ని గంటలు ఒక్కమారు మ్రోగినప్పుడు ఏది మేలైనదో ఎవరు పోల్చగలరు? ఆడవారి సైకిళ్ళు చాలక పలువురు మగవారి సైకిళ్ళనే ఎక్కిరి. సీటునకు హ్యాండిలుకు నడుమనున్న కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని కొందరు వానినే కోరి తీసికొనిరి. ఆ కడ్డీపై కూర్చున్న బిడ్డ చేతికి గంట మీట సులువుగా అందును.