పెట్టెలలోని చరిత్ర: సోషలిస్టు బోధకుల స్వకీయ పత్రములు



చరిత్ర యనగానే మన మనస్సు శాసనముల మీదికిని, రాజుల వంశావళుల మీదికిని బోవుట సహజము. కాని గ్రామములు తమ కథను శిలలపై చెక్కించుకొనలేదు. ఈ సంగతి నెఱింగియే కర్నల్ కాలిన్ మెకంజీ కావలి బొఱ్ఱయ్య మున్నగు తెలుగువారి సాయమున గ్రామ కైఫీయతులను సేకరింపజేసెను. కరణముల యిండ్లలోని దండకవిలెలే వానికి మూలాధారములు. అవి నిలువకున్నచో మన యూళ్ల పూర్వవృత్తాంతము చాలవఱకు చీకటిలోనే యుండెడిది.

పూర్వకాలమునకు కరణము కవిలె యెట్టిదో, 1930కిని 1950కిని నడిమి కాలమునకు రాజకీయబోధకుని పెట్టె యట్టిది. పగలు పాఠములు చెప్పి, రాత్రి రైతుసభలు నడపి, అర్జీలు వ్రాసిపెట్టిన కార్యకర్తల యుత్తరములు, లెక్కపుస్తకములు, కరపత్రములు, ఉపన్యాసపు టిప్పణములు నేడు మన యిండ్ల యటకలమీద నున్నవి. వానిని గూర్చియే ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

1934లో పాట్నాలో ఆచార్య నరేంద్రదేవుని అధ్యక్షతన సమావేశమైన సోషలిస్టులు అదే సంవత్సరము అక్టోబరున బొంబాయిలో కాంగ్రెసు సోషలిస్టు పార్టీని సుస్థిరము గావించిరి. 1936 జనవరిలో మీరట్‌లో జరిగిన ఆ పార్టీ మహాసభ రైతులకు అఖిలభారత సంస్థ యవసరమని నిశ్చయించి, ఆ భారమును జయప్రకాశ్ నారాయణునకును, మన ఆచార్య గోగినేని రంగనాయకులు గారికిని అప్పగించెను. ఏప్రిల్ 11న లక్నోలో కిసాన్ సభ అవతరించెను. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులుగను, రంగాగారు ప్రధాన కార్యదర్శిగను ఎన్నుకొనబడిరి. 1900 నవంబరు 7న నిడుబ్రోలున జన్మించి, ఆక్స్‌ఫర్డున చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రము బోధించిన యీ ఆచార్యుడు స్వగ్రామమున రైతాంగ విద్యాలయము నెలకొల్పి, రైతుబిడ్డలకు రాజకీయ శిక్షణ నొసంగెను.

1937 వేసవిలో ఒంగోలు చేరువ కొత్తపట్నమున సోషలిస్టులు ఆర్థిక రాజకీయ పాఠశాల నడపిరి. జూలైలో కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడక మునుపే ప్రభుత్వము దానిని నిషేధించెను. తరువాత మంతెనవారిపాలెమునను ఇట్టి పాఠశాల జరిగెను. పి. సి. జోషి, అజయ్ ఘోష్ మున్నగువారు ఈ శిబిరములలో ప్రసంగించిరి. దేశచరిత్ర, స్వాతంత్ర్యోద్యమ చరిత్ర, మార్క్సు సిద్ధాంతము, భారత ఆర్థికస్థితి పాఠ్యవిషయములు. వీని వ్యయమునకు ధనమును, ధాన్యమును ఆంధ్ర రైతులే సమకూర్చిరి.

ఈ కడపటి వాక్యమును కొంచెము నిదానించి చూడుడు. నిషేధపుటుత్తరువు సర్కారు దస్త్రములలో దొరకును. ప్రసంగించిన నాయకుల పేర్లు పుస్తకములలో నున్నవి. బియ్యపు బస్తా పంపిన దెవరు? పప్పును, మజ్జిగను పోసిన దెవరు? బండి కట్టిన దెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము ఇంటి లెక్కపుస్తకమునందు తప్ప మఱెక్కడ నుండగలదు?

1938 నాటి రైతుయాత్ర సంగతియు నిట్టిదే. రెండువేలకు మించిన రైతులు ఇచ్ఛాపురమునుండి బయలుదేరి 130 దినములు, 1,500 మైళ్లు, తొమ్మిది జిల్లాల గుండ నడచి, 1,100కు పైగా అర్జీలు సేకరించి మార్చి 27న మద్రాసు శాసనసభకు సమర్పించిరి. ఋణవిముక్తి వారి ముఖ్యమైన కోర్కెలలో నొకటి. ఆ యేడే వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చెను. టంగుటూరి ప్రకాశము పంతులు గారి అధ్యక్షతనున్న సంఘము జమీందారీలపై నివేదిక నొసంగెను. 1948లో జమీందారీల రద్దు శాసనమైనది. నాడు కృష్ణాజిల్లాకును, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాకును చెందిన మన విస్సన్నపేట, తిరువూరు ప్రాంతమునకు నూజివీడు సంస్థానము పొరుగు. ఉత్తరమున నైజాము సరిహద్దు. పట్టాలు, శిస్తు రసీదులు, అర్జీల చిత్తుప్రతులు ఇచటి యిండ్లలో నిలిచియున్నచో అవి ఇత్తడి బిందెలకంటె విలువగలవి.

ఈ కాగితము లేల యరుదైనవి? 1934 మొదలు 1942 వఱకు కమ్యూనిస్టు పార్టీ నిషిద్ధము. ఆ పార్టీవారు పెక్కురు సోషలిస్టు పార్టీలోనుండి పనిచేసిరి. 1948 తరువాత మరల సోదాలు, నిర్బంధములు వచ్చినవి. ఇంట కాగితముండుటయే నేరమునకు సాక్ష్యమైన దినములలో పొయ్యియే దానికి గతియైనది. పోలీసులకు దప్పినవి చెదలకు జిక్కినవి. చెదలకు దప్పినవి తూకమునకు అమ్ముడై పొట్లములైనవి. అన్నదమ్ములు పంచుకొనునపుడు భూమికి కొలత గలదు, నగలకు తూకము గలదు. కాగితాల పెట్టె మాత్రము ఎవరి వాటాకును రాదు.

మఱియొక యపాయమును చెప్పవలెను. 1940లో సోషలిస్టులును కమ్యూనిస్టులును విడిపోయిరి. రంగాగారు వారికి దూరమై, 1959లో స్వతంత్ర పార్టీ స్థాపకులలో నొకరైరి. కనుక ఒకే పెట్టెలో పరస్పరవిరుద్ధములైన యుత్తరము లుండును. మనకు నచ్చినవానిని మాత్రమే నిలిపి తక్కినవానిని చింపివేయుట చరిత్రద్రోహము. అంతకంటె ముఖ్యమేమనగా, ఆ కాగితములలో మన పెద్దల సంతకములతోపాటు పాలేరుల, కూలీల వ్రేలిముద్రలును ఉండవచ్చును. వారి ఫిర్యాదు మన పెద్దలమీదనే యైనను దానిని దాచకుడు. పూర్వుల గౌరవము అసత్యముచే నిలుచునది కాదు.

దారి చూపిన సంస్థలు లేకపోలేదు. 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికలను కాపాడుచున్నది. రంగాగారి పత్రములు ఢిల్లీ తీన్‌మూర్తి గ్రంథాలయమున భద్రపరుపబడినవి. పుచ్చలపల్లి సుందరయ్యగారి గ్రంథసంచయము హైదరాబాదు సుందరయ్య విజ్ఞానకేంద్రమున నున్నది. నాయకుల కాగితములకు నీడ దొరకినది. గ్రామకార్యకర్తల కాగితములకే యింకను దొరకలేదు.

కావున పోషకులకును, సోదరులకును నా విన్నపము: పెట్టెలు తెఱవుడు. కాగితములను ఎండలో గాక నీడలో నారవేయుడు. కట్టల వరుసను చెఱుపకుడు. అతుకు కాగితములు అంటింపకుడు. ఇది ఎవరిది, ఏ యింట దొరకినది అని వేఱొక కాగితముపై వ్రాసి యుంచుడు. ఛాయాచిత్రములు తీయించి, అసలుప్రతులను గ్రంథాలయమున కొసగుడు. సంఘము చేయవలసినది ఒక పట్టిక, ఒక బీరువా, ఒక శ్రద్ధగల మనిషి, ఇంతే.

పెట్టె తెఱచుట కొక పూట చాలును. తెఱవక మఱియొక వర్షఋతువు గడపినచో పిమ్మట తెఱచియు ఫలముండకపోవచ్చును.