హుగ్లీ తీరం నుండి అండమాన్ దీవులకు

దూరాన్ని మైళ్లలో లెక్కించడం భూగోళ శాస్త్ర సంప్రదాయం. ద్వీపవాసులు మాత్రం దానిని కాలంతోనే కొలుస్తారు. కోల్‌కతా నుండి పోర్ట్ బ్లెయిర్‌కు ఆకాశమార్గాన దూరం సుమారు 1,300 కిలోమీటర్లు. 1858 నుండి నేటి వరకు ఈ దూరం మారలేదు. దానిని దాటడానికి పట్టే కాలం మారింది, దాని అర్థమూ మారింది.

1857 తిరుగుబాటును అణచిన పిదప, ఖైదీలకు ద్వీపాంతరవాసం విధించడానికి ప్రభుత్వం అండమాన్‌ను ఎంచుకున్నది. 1858 మార్చి 4న రెండు వందల మంది ఖైదీలతో కలకత్తాను విడిచిన ‘సెమిరామిస్’ నౌక మార్చి 10న పోర్ట్ బ్లెయిర్ చేరింది. ప్రయాణం ఆరు రోజులే. అయినా ఎక్కినవారిలో అధికులకు తిరుగు ప్రయాణం లేదు. ‘కాలాపాని’ అన్న మాటలోని భయం అదే. 1909లో అలీపూర్ బాంబు కేసులో శిక్ష పడిన బారీంద్ర కుమార్ ఘోష్ మొదలైనవారు ఈ సముద్రాన్నే దాటారు. 1922–24 మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజుకు అనుచరుడైన గాం మల్లు దొర కూడా అండమాన్ శిక్షను అనుభవించాడు. స్వాతంత్ర్యానంతరం ఆయన తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ఆకాశమార్గం యుద్ధం వల్ల ఏర్పడింది. 1942 మార్చిలో దీవులను ఆక్రమించిన జపాను సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లోను, కార్ నికోబార్‌లోను రన్‌వేలు నిర్మించింది. స్థానికుల చేత బలవంతపు చాకిరీ చేయించి వేసిన నేలలవి. 1941 జనవరిలో కలకత్తా ఇంటి నుండి రహస్యంగా వెడలిన సుభాష్ చంద్రబోస్, 1943 డిసెంబరు 29న విమానంలో వచ్చి దిగినది ఈ పోర్ట్ బ్లెయిర్‌లోనే.

దేశ విభజన అనంతరం, 1949 నుండి, తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలు కలకత్తా రేవులో ఓడలెక్కి దీవులకు తరలివెళ్లాయి. ఒకనాడు శిక్షగా ఉన్న దారి వారికి బ్రతుకుతెరువైంది. ఆంధ్ర తీరం నుండి, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి, మత్స్యకారులు, కూలీలు, చిరువ్యాపారులు అక్కడకు చేరారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల ప్రజలలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష.

నేడు కోల్‌కతా నుండి విమానం రెండు గంటలకు కొంచెం పైగా సమయంలో దీవులను చేరుతుంది; ఓడకు మూడు నాలుగు రోజులు పడుతుంది. అయితే దీవుల మధ్య దూరానికి ఈ సౌలభ్యం లేదు. పోర్ట్ బ్లెయిర్‌కు, కార్ నికోబార్‌కు నడుమ ఉన్నది ఇంచుమించు 275 కిలోమీటర్లే. అక్కడి రన్‌వే వైమానిక దళానిది. సామాన్యులకు పరిమిత హెలికాప్టర్ సీట్లు, లేదా రాత్రంతా సాగే ఓడ ప్రయాణమే గతి. వాతావరణం ప్రతికూలిస్తే అదీ నిలిచిపోతుంది. అత్యవసర చికిత్స కోరే రోగికి కోల్‌కతా కంటె దగ్గరి దీవియే దూరమవుతుంది.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ సత్యాన్ని కఠినంగా చాటింది. కార్ నికోబార్ వైమానిక స్థావరంలో సిబ్బంది, వారి కుటుంబీకులు కలిపి వంద మందికి పైగా మరణించారు. రేవుకట్టలు ధ్వంసమైనాయి. అయినా రన్‌వేలో మిగిలిన భాగంపై సహాయక విమానాలు దిగగలిగాయి. యుద్ధం కొరకు పరచిన నేల ఆనాడు ప్రాణరక్షణకు ఆధారమైంది.

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మారింది. ప్రధాన భూభాగంతో బంధం బలపడింది. దీవికీ దీవికీ నడుమ మిగిలిన స్వల్ప దూరాన్ని తగ్గించడమే ఈ చరిత్రలో శేషించిన అధ్యాయం.