గుండెమంట చరిత్రము

విందు కుడిచి వచ్చిన రాత్రి, మంచి నిద్రలో నుండగా, రొమ్మున నొక్కసారిగ నిప్పు రగిలినట్లయి, నోటిలోనికి పుల్లని నీరు ఎగదట్టగా లేచి కూర్చున్న యనుభవము మన పాఠకులలో పలువురకు నుండియే యుండును. దీనిని మనవారు గుండెమంట యందురు. ఆంగ్లేయులును తమ భాషలో గుండె పేరుతోడనే దీనిని పిలుతురు. ఇరువురిదియు నొకటే పొరపాటు. మండునది గుండె కాదు; దాని వెనుకగా గొంతు నుండి కడుపునకు దిగు అన్ననాళము. ఈ తప్పుపేరు వలన ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమే కలుగుచున్నది. ఆ మాట కడపట చెప్పెదము. ముందుగ ఈ మంటకు మూలమేమో మనుష్యులు కనిపెట్టిన తీరు తెలిసికొందము. దానికి చాలకాలము పట్టినది. చికిత్సలో జరిగిన తప్పులు పెక్కు ఆ యాలస్యము నుండి పుట్టినవే.

మన దేశపు వైద్యులు ఈ బాధను బహుకాలము క్రిందటనే గుర్తించిరి. చరకసంహితలో దీనికి వేఱుగ నొక యధ్యాయము లేదు గాని, మాధవకరుని నిదానగ్రంథమున అమ్లపిత్తమను పేర నొక ప్రకరణమే కలదు. తిన్నది అఱుగకపోవుట, చేదును పులుపును గల త్రేన్పులు, రొమ్మునను కంఠమునను మంట, అరుచి యని యందు చెప్పిన లక్షణములు విన్నచో నేటి వైద్యుడును తలయూచును. మీదికి పోవునది, క్రిందికి పోవునది యని దానిని రెండుగ విభజించుటయు గమనింపదగినది. అంతమాత్రమున మన పూర్వులకు సర్వమును తెలిసియుండెనని చెప్పుకొని మురియుట మాకు సమ్మతము కాదు. లక్షణము నెఱుగుట వేఱు, కారణము నెఱుగుట వేఱు. బ్రతికియున్న మనుష్యుని కడుపులో నేమి జరుగుచున్నదో చూచుటకు ఏ దేశపు వైద్యునకును అప్పుడు దారి లేదు.

1823 లో లండను వైద్యుడగు విలియం ప్రౌట్ జంతువుల జఠరరసమును పరీక్షించి, అందలి పులుపు హైడ్రోక్లోరికామ్లమని నిరూపించెను. ఇనుమును సైతము తినివేయు ద్రావకము మన దేహమున దినదినమును ఊఱుచున్నదనిన నెవరు నమ్ముదురు? నమ్మకము కుదురుటకు ఒక బీదవాని కడుపు కావలసివచ్చినది.

1822 జూను 6 వ తేదీని అమెరికాలోని మాకినా ద్వీపమున, బొచ్చుతోళ్ల వ్యాపారస్థుల కొట్టులో నొక తుపాకి పొరపాటున పేలెను. గుండ్లు అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను కెనడా పడవకూలికి ఎడమప్రక్కను తగిలి కడుపును చీల్చినవి. అచ్చటి సేనావైద్యుడు విలియం బోమాంట్ అతనిని బ్రతికించెను గాని కడుపునకు పడిన రంధ్రము మూసికొనలేదు. 1825 మొదలు బోమాంట్ ఆ రంధ్రము గుండ మాంసపు ముక్కలను పట్టుదారమున కట్టి లోనికి దింపి, కొంతసేపటికి పైకి తీసి, అవి యెంతవఱకు కరగినవో చూచుచుండెను. రసమును బయటికి తీసి రసాయనజ్ఞుల కంపెను. కడుపు ఖాళీగా నున్నపుడు రసము నిలువయుండదనియు, ఆహారము పడినపుడే ఊఱుననియు, కోపము జీర్ణక్రియను చెఱచుననియు వ్రాసెను. ఆ గ్రంథము 1833 లో వెలువడినది.

బోమాంట్ కీర్తి గడించెను. సెయింట్ మార్టిన్ మాత్రము ఆయన యింట ఊడిగము చేయుచు, ఒడంబడిక వ్రాసియిచ్చి, తన కడుపును పరీక్షల కప్పగించెను. విసిగి స్వదేశమునకు పారిపోయెను. పేదఱికము వలన మరల వచ్చెను. 1880 లో అతడు చనిపోయినపుడు, వైద్యులు శవమును కోయుదురను భయమున ఇంటివారు దానిని కుళ్లిపోవు వఱకు ఉంచి పాతిపెట్టిరి. జీర్ణక్రియను గుఱించి మన పిల్లలు బడిలో చదువు పాఠమున కొంత ఈ కూలివాని బాధ నుండి వచ్చినదే. అతని పేరును పాఠమున చేర్చిన బాగుండునని మా యభిప్రాయము.

ఆమ్లము తేలినది గనుక దానిని క్షారముతో చంపిన చాలునని లోకము తలచినది. 1873 లో ఛార్లెస్ ఫిలిప్స్ అను అమెరికా వర్తకుడు పాలవంటి మెగ్నీషియా మందునకు పేటెంటు పొందెను. 1915 లో చికాగో వైద్యుడగు సిప్పీ కడుపుపుండ్లు గలవారికి గంటగంటకు పాలును మీగడయు, నడుమ నడుమ క్షారచూర్ణములును ఇయ్యవలెనని విధించెను. ఈ పథ్యము మిక్కిలి వ్యాపించినది. కాని 1923 నాటికే కొందఱు రోగులకు దీనివలన రక్తము క్షారమయమై మూత్రపిండములు చెడుట కనబడెను. మన యిండ్లలో వంటసోడాను చిటికెడు చిటికెడుగ ఏండ్ల తరబడి మ్రింగువారు ఈ సంగతి నెఱుగరు. అప్పటి కూఱట కలుగుట నిజమే. అది సోడియముతో కూడిన వస్తువు గనుక రక్తపుపోటు గలవారికి హాని యగుటయు నిజమే.

అసలు తప్పు ఆమ్లమునందు లేదు. ఆమ్లము కడుపులో నుండవలసినదే, ఉండుటకు తగిన పొర కడుపునకు కలదు. అన్ననాళమునకు ఆ పొర లేదు. 1935 లో న్యూయార్కు వైద్యుడు వింకల్‌స్టయిన్ అయిదుగురు రోగులను చూపి, జఠరరసము మీదికి వచ్చుట వలననే అన్ననాళము పుండగుచున్నదని సూచించెను. 1951 లో ఇంగ్లండున ఆలిసన్ దానిని విశదపఱచెను. 1956 లో అమెరికా పరిశోధకులు సన్నని గొట్టములను మ్రింగించి ఒత్తిడిని కొలిచి, అన్ననాళము చివర కడుపునకు తలుపువంటి కండరవలయ మొకటి కలదని స్థిరపఱచిరి. 1980 ప్రాంతమున ఆ తలుపు మ్రింగుడుతో పనిలేకయే అప్పుడప్పుడు తెఱచికొనుట వలన ఆమ్లము మీదికి వచ్చుచున్నదని తేలెను.

తలుపు సంగతి తెలిసినచో తక్కిన దంతయు తేటపడును. కడుపు నిండుగ సాగినపుడు తలుపు ఎక్కువసారులు తెఱచికొనును; అందుచేతనే పెండ్లివిందు రాత్రి హఠాత్తుగ మంట. నేతివంటలు, పొగాకు, మద్యము, కొందఱికి కాఫీయు దానిని సడలించును. గర్భిణులకు దేహమున జరుగు మార్పుల చేతను, పెరుగు బిడ్డ యొత్తిడి చేతను ఇదే జరుగును. స్థూలకాయము, బిగించి కట్టిన నడుముముడి, తిన్నవెంటనే వంగి చేయు పనియు కడుపును నొక్కును. పాపము, మిరపకాయపై నింద ఎక్కువ. అది ముఖ్యముగ పుండైన చోట మండించునది. ఒకరికి పడనిది మఱియొకరికి పడును గనుక ఎవరి కడుపును వారే కనిపెట్టుకొనవలెను. పడుకొన్నపుడు ఆమ్లము క్రిందికి జాఱదు, నిద్రలో ఉమ్మియు తగ్గును. రాత్రిమంట తీవ్రమగుట కిది కారణము.

ఇచ్చట మా మేనత్తను తలచుకొనక తప్పదు. ఇంటిల్లిపాదియు తిన్న పిమ్మట, గిన్నెలు సర్దుకొని, పదిన్నరకు మిగిలినది తిని పదునొకండింటికి పడుకొనెడిది. ముప్పది యేండ్లు సోడాయే ఆమె మందు. ఆమె కడుపులో దోషము లేదు. ఇంటి ఆచారమునందు కలదు. భోజనమునకును శయనమునకును నడుమ మూడు గంటలుండవలెనని వైద్యుడు చెప్పును. కడపట తినవలసిన స్త్రీకి ఆ మూడు గంటలు ఎవరిచ్చెదరు? అందఱును ఒక్క పంక్తిని పెందలకడ తినుట మందుసీసా కన్న మేలైన చికిత్స. దానితోపాటు మంచపు తలవైపు కోళ్ల క్రింద ఆఱు మొదలు ఎనిమిది అంగుళముల యెత్తున ఇటుకలు పెట్టుటయు, ఎడమప్రక్కకు తిరిగి పరుండుటయు మంచివి. దిండ్లు పేర్చుకొన్న నడుము వంగి కడుపునే నొక్కును.

ఔషధములును గొప్పవి వచ్చినవి. జేమ్స్ బ్లాక్ మార్గదర్శకత్వమున పుట్టిన సిమెటిడిన్ 1976 లో బ్రిటనున అమ్మకమునకు వచ్చెను. ఆయనకు 1988 లో నోబెల్ బహుమానము లభించెను. ఆ యేడే స్వీడనున ఒమెప్రజోల్ వెలువడెను. ఇవి ఆమ్లము ఊఱుటనే తగ్గించును, తలుపును బిగింపవు. ఏండ్లకొలది తిని ఒక్కసారిగ మానినచో ఆమ్లము మరల విజృంభించుట కద్దు గనుక మొదలుపెట్టుటయు మానుటయు వైద్యుని యాజ్ఞతోనే జరుగవలెను. మ్రింగుడు పడకపోయినను, చిక్కిపోయినను, విరేచనము నల్లనైనను మాత్రలతో కాలము గడపరాదు.

ఇక మొదట చెప్పిన తప్పుపేరు. నిజముగనే గుండెకు రక్తము అందనపుడును ఇట్టి మంటయే రావచ్చును. చెమట పోయుట, ఆయాసము, నొప్పి చేతికిగాని దవడకుగాని ప్రాకుట దాని గుర్తులు. స్త్రీలకును మధుమేహము గలవారికిని ఈ గుర్తులు స్పష్టముగ నుండకపోవుటయు కలదు. ఎన్నడును లేని మంట నడివయసువారికి హఠాత్తుగ వచ్చినచో, గ్యాసు పట్టినదని సోడా కలుపుచు తెల్లవాఱుదాక చూడరాదు. ఆ క్షణముననే 108 కి ఫోను చేయవలెను.