అసలు నిలిచిన అప్పు

శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమున, నౌపడ ఉప్పుమళ్ళకు అనతిదూరమున, సముద్రపుటొడ్డున భావనపాడు కలదు. అచ్చట కొందరు వేటమీదను, కొందరు పంటచేలమీదను బ్రతుకువారు. వృత్తులు వేరైనను అప్పు విషయమున వీరి కథ చాలవరకు ఒక్కటియే. తీసికొన్న సొమ్ముపై ఏటేట వడ్డీ ముట్టచెప్పుచుందురు. అసలు మాత్రము ఉన్నచోటనే యుండును. దేహమున సత్తువ గల దినములలో అది బరువని తోచదు. అరువదియేండ్లు దాటిన తరువాత ఋణదాత వచ్చి “వడ్డీ సరే, అసలు మాటేమి?” అని యడిగిననాడే దాని బరువు తెలియును. అట్టినాడు ఆ వృద్ధుని యెదుట ఏ దారులుండెడివి, వానిలో ఏది యిల్లు నిలిపెడిది, ఏది ముంచెడిది అను సంగతిని ఇచ్చట కొంత విచారింప దలచితిమి.

మొదట వేటవాని అప్పును చూతము. మన తూర్పు తీరమంతటను చిరకాలముగా వాడుకలో నున్న పద్ధతి యిది: పడవకును వలలకును చేపల వర్తకుడు పెట్టుబడి యిచ్చును. దానిపై వడ్డీ యని ప్రత్యేకముగా అడుగడు. పడ్డ చేపను తనకే అమ్మవలెననును; బజారు ధరకంటె కొంత తగ్గించి కట్టును, లేక అమ్మకముపై తన పాలు తీసికొనును. ఆ తగ్గింపే వడ్డీ. ఇరువదియేండ్లు ఇట్లు చేప పోసినను అసలులో ఒక్క రూపాయియు చెల్లు పడదు. వర్తకునకు అసలు తిరిగి రావలెనను తొందరయు లేదు. అప్పు తీరినచో చేప మరియొకని బుట్టలోనికి పోవును గదా! అందుచేత ఈ అప్పు తీరుటకు పుట్టినది కాదనియే మా అభిప్రాయము. తండ్రి తెడ్డు పట్టలేని వాడైనప్పుడు కుమారుడు తెడ్డుతోపాటు అప్పును అందుకొనును. కొడుకు లేనివాడు పడవను విడిచిపెట్టును; లేక వేరొక వర్తకుడు ఆ అప్పు తీర్చి, పడవను తన ఖాతాకు త్రిప్పుకొనును. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. అట్టి గాలివానలలో పడవ సముద్రము పాలైనను అసలు పోదు.

రైతు సంగతి కొంచెము వేరు, అతని యొద్ద కుదువ పెట్టుటకు భూమి యున్నది. అయితే ఆ భూమిపై హక్కు అతనికి గట్టిగా వచ్చినది ఎప్పుడు? టెక్కలి ప్రాంతము జమీందారీ సీమ. 1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టము రైతునకు సాగుభూమిపై శాశ్వతమైన కౌలుహక్కును స్థిరపరచి, అది వారసులకు సంక్రమించునట్లును, ఇతరులకు బదలాయింప వీలగునట్లును చేసినది. మంచిపనియే, కాని హక్కు దృఢమైనకొలది దానిపై అప్పు పుట్టుటయు సులభమైనది.

పత్రములు మూడు విధముల వ్రాయుచుండిరి. స్వాధీనములేని తనఖాలో భూమి రైతు చేతనే యుండును, వడ్డీ కట్టవలెను. భోగ్యములో, అనగా స్వాధీనపు తనఖాలో, భూమి ఋణదాత చేతికి పోవును, పంటయే వడ్డీ. ముద్దతు విక్రయములో భూమి అమ్మినట్లే వ్రాసి, గడువులోగా సొమ్ము కట్టినచో తిరిగి యిచ్చునట్లు షరతు పెట్టుదురు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ఈ మూడింటిని తనఖాలుగానే ఎంచినది.

స్వాధీనములేని తనఖాలో ఒక మెలిక యున్నది, దానిని చాలమంది గమనింపరు. ఇట్టి తనఖాపై దావా వేయుటకు ఋణదాతకు గల గడువు 12 ఏండ్లు. గడువు తీరకముందే ఋణగ్రస్తుడు కొంత వడ్డీ కట్టి, పత్రము వెనుక తన చేవ్రాతతోనో సంతకముతోనో చెల్లు వేసెనా, ఆ దినము నుండి గడువు మరల మొదలగును. ధర్మము తప్పక ఏటేట వడ్డీ కట్టిన పెద్దమనిషి ప్రతి సంతకముతోను తన అప్పునకు ఆయువు పోయుచుండెను. అసలుకంటె వడ్డీ ముద్దని తాతలు మనుమలను గూర్చి అందురు. ఋణదాతకు ఆ మాట అక్షరాల నిజము.

అసలు అడిగిననాడు ముసలిరైతు సాధారణముగా చేయునది పత్రము తిరగవ్రాయుట. పేరుకొన్న వడ్డీ అసలులో కలిసి, వెయ్యి పదునైదువందలగును. కొడుకులచేత గూడ వ్రేళ్ళు పెట్టించుకొనుట ఈ సందర్భముననే జరుగును. హిందూ ధర్మశాస్త్రము ప్రకారము తండ్రి చేసిన న్యాయమైన అప్పు తీర్చుట పుత్రునకు పవిత్రమైన బాధ్యత. ఆ బాధ్యత పేరనే కొడుకుపై దావా వేయు హక్కును 2005 సంవత్సరపు వారసత్వ చట్ట సవరణ, అటుపై చేసిన అప్పుల విషయమున, తొలగించినది. అయినను కొడుకు స్వయముగా సంతకము చేసిన పిమ్మట ఆ సవరణ అతనికి అడ్డు రాదు.

రెండవది, వడ్డీ కట్టలేక తనఖాను భోగ్యముగా మార్చుట. వడ్డీ బాధ తప్పును, కాని తిండిగింజలు తప్పిపోవును. మూడవది, కొంత భూమి అమ్మి మిగిలినది విడిపించుకొనుట. పరువు పోవునని వెనుదీసి, చివరకు అంతయు పోగొట్టుకొన్న కుటుంబములు ఏ గ్రామమున లేవు? సగము చెక్క సకాలమున అమ్మినవాడే తెలివిగలవాడని మేము చెప్పగలము. కాని సొంతచేను అమ్ముకొనువానికి ఆ మాట ఎంత చేదో ఎరుగనివారము కాము.

1930 ప్రాంతమున ధాన్యపు ధరలు పడిపోగా ఈ దారులన్నియు మూసికొనిపోయినవి. 1937 లో ఈ జిల్లా ఉత్తరపు కొననున్న ఇచ్ఛాపురమునుండియే రైతురక్షణ యాత్ర కాలినడకను మద్రాసునకు బయలుదేరినది. రాజాజీ మంత్రివర్గము 1938 లో వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టము చేసెను. 1932 అక్టోబరు 1 కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ యంతయు రద్దయినది. అసలునకు రెండింతలు ఇదివరకే చెల్లించినవాని అప్పు మొత్తము తీరినట్లే యెంచబడెను. తిరగవ్రాసిన పత్రములను త్రవ్వి, మొట్టమొదట చేతికి వచ్చిన సొమ్మునే అసలుగా లెక్కించుమనుట ఈ చట్టమునకు ప్రాణము. క్రొత్త అప్పులకు వడ్డీ రూపాయికి నెలకొక పై, అనగా సాలుకు నూటికి 6¼ మించరాదనిరి.

కాని భోగ్యమునకు మొదట ఈ మేలు అందలేదు. భూమి ఋణదాత చేతనున్న తనఖాలను చట్టము విడిచిపెట్టెను. 1948 లో చేర్చిన 9-ఏ సెక్షను ఆ లోటు తీర్చినది: కొన్ని మినహాయింపులకు లోబడి, ఋణదాత ముప్పది యేండ్లు భూమిని అనుభవించి యున్నచో అప్పు తీరినట్లే. ఇక సాగుభూమిలో ఏ హక్కును లేని వేటవానికో? ఈ చట్టము వ్యవసాయదారునిది. అతని పడవను అది చూడలేదు.

అసలును వడ్డీతో కలిపి సమానపు వాయిదాలుగా తీర్చు పద్ధతిని మన సీమకు తెచ్చినవి సహకార భూమి తనఖా బ్యాంకులు. మద్రాసులో కేంద్ర బ్యాంకు 1929 లో నెలకొన్నది. ప్రతి వాయిదాతోను అసలు కొంత కరగును. ముసలితనమునకు గుదిబండ మిగులదు. అయితే ఆ దారి నడివయస్సున పట్టవలసినదేగాని, అరువదియవ యేట దీర్ఘకాలపు వాయిదాలకు ఒప్పుకొనుట ఎవరి తరము?

ఇది మన పల్లెల వింత మాత్రమే కాదు. ఇంగ్లండులో వడ్డీ మాత్రమే కట్టు గృహఋణములు తీసికొన్న లక్షలాది కుటుంబములకు ఉద్యోగవిరమణ వేళ అసలు గడువు ఎదురైనది. అచ్చట 2018 లో వృద్ధులు జీవితాంతము వడ్డీ మాత్రమే కట్టుచు, మరణానంతరమో, దీర్ఘకాలిక సంరక్షణాలయమునకు మారినపుడో ఇల్లమ్మి అసలు తీర్చు విధానమునకు త్రోవ సుగమము చేసిరి. మన దేశమున 2008 లో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు విపరీత తనఖాకు నియమములు ఏర్పరచినది. అరువదియేండ్లు నిండిన గృహస్థునకు బ్యాంకే సొమ్మిచ్చును. అతడు బ్రతికియుండగా తీర్చనక్కరలేదు. తరువాత వారసులు తీర్చి యిల్లు నిలుపుకొనవచ్చును. వినసొంపుగా నున్నది గాని, దీనికి స్పష్టమైన దస్తావేజు కావలెను. గ్రామకంఠమున తాతలనాడు కట్టుకొన్న యింటికి అట్టి కాగితము సాధారణముగా నుండదు.

కనుక పల్లెటూరి వృద్ధునకు నేటికిని పెద్ద ఆధారము విమోచన హక్కే. సొమ్ము చెల్లించి తనఖా విడిపించుకొను ఈ హక్కును పత్రములోని ఏ షరతును హరింపజాలదు. దీనికి 1908 నాటి కాలపరిమితి చట్టము 60 ఏండ్ల గడువీయగా, 1963 చట్టము దానిని 30 ఏండ్లకు తగ్గించినది. భోగ్యము విషయమున మాత్రము ఆ గడువు పత్రము వ్రాసిన దినమునుండి నడువదనియు, అసలు తీరిన దినమునుండియే లెక్కకు వచ్చుననియు సర్వోన్నత న్యాయస్థానము 2014 లో తీర్పు చెప్పినది. తాతనాటి భోగ్యము గడువు మీరినదని భూమిని తమదిగా చెప్పుకొనువారికి ఇది గట్టి సమాధానము.

ముద్దతు విక్రయమున జాగ్రత్త వేరు. 1929 సవరణ తరువాత, తిరిగి యిచ్చెదనను షరతు ఆ విక్రయపత్రములోనే యుండవలెను. వేరొక కాగితముపై వ్రాసికొన్నను, నోటిమాటగా నమ్మినను అది తనఖా కాదు, అమ్మకమే. మూలపేట ఓడరేవుగా పేరు మారిన భావనపాడు ఓడరేవునకు 2023 లో శంకుస్థాపన జరిగినది. ఓడరేవు వచ్చు తీరమున సెంటు భూమికైనను గిరాకి పుట్టును గనుక, “పెద్దాయనా, అప్పు కొట్టివేసెదను, ఇచ్చట ఒక సంతకము చేయుము” అని వచ్చు పత్రమును చదివించుకొనక వ్రేలు పెట్టరాదు. గడువు వచ్చినపిమ్మట ఋణదాత సొమ్ము పుచ్చుకొనుటకు నిరాకరించినచో, ఆస్తి బదలాయింపు చట్టము 83 వ సెక్షను క్రింద ఆ సొమ్మును న్యాయస్థానమున జమకట్టి, పత్రమును భూమిని తిరిగి కోరవచ్చును.