భాజకం వెనుక ఒక పాఠం

1971 జనవరిలో మన విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది అక్టోబరులో, ఫ్రాన్సులో జరిగిన తూనికలు, కొలతల సమావేశం 'మోల్'ను అంతర్జాతీయ ప్రమాణంగా స్వీకరించింది. సబ్బవరం పిల్లలకు ఈ రెండూ ఒకే లెక్కలో కలిసి ఎదురయ్యేవి: 112 గ్రాముల ఇనుములో ఎన్ని మోల్‌లు ఉంటాయి?

ద్రవ్యరాశిని పరమాణు భారంతో భాగించాలి. 112ని 56తో భాగిస్తే 2. జవాబు కింద గీత గీసి పుస్తకం మూసేవాళ్ళం. ఆ 56 ఎలా వచ్చిందని మాలో అడిగినవాళ్ళు తక్కువ.

నిజానికి కష్టమంతా ఆ భాజకంలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు ఇనుముకు 28 అనే అంకె వాడేవారు. దానితో భాగిస్తే ఇదే లెక్కకు 4 వస్తుంది. తూకంలో తప్పు లేదు, భాగహారంలోనూ లేదు. నీటి ఫార్ములా మీద కూడా అప్పట్లో ఏకాభిప్రాయం లేదు. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సమాన ఘనపరిమాణం గల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమని అవగాడ్రో 1811లోనే చెప్పినా, ఎక్కువమంది పట్టించుకోలేదు. తన మాటకు గుర్తింపు రాకముందే, 1856లో ఆయన కన్నుమూశారు.

చిక్కు విప్పినది ఒక ఉపాధ్యాయుడు. ఇటలీలోని జెనోవా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే కనిజారో, తన తరగతిలో చెప్పే క్రమాన్నే 1858లో ప్రచురించారు. అవగాడ్రో సూత్రంతో వాయువుల అణుభారాలు కట్టి, వాటి నుంచి పరమాణు భారాలు రాబట్టారు. లోహాలకు విశిష్టోష్ణాన్ని ఆధారంగా తీసుకున్నారు. ఘన మూలకాల్లో చాలావాటికి పరమాణు భారాన్ని విశిష్టోష్ణంతో గుణిస్తే సుమారు 6 వస్తుంది. ఇనుము విశిష్టోష్ణం గ్రాముకు దాదాపు 0.11 కేలరీలు. 56తో గుణిస్తే 6 దాటుతుంది, 28తో అయితే 3 దగ్గరే ఆగిపోతుంది.

1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహే సమావేశం ఏ తీర్మానానికీ రాకుండానే ముగిసింది. ముగింపులో పంచిన ఆ పాఠం ప్రతులే తర్వాత చాలామంది అభిప్రాయం మార్చాయి. ఆ సమావేశానికి వచ్చిన మెండలీవ్ 1869లో ఆవర్తన పట్టిక ప్రకటించారు.

2019 నుంచి మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలని నిర్వచనం. అయినా తరగతిలో లెక్క చేసే పద్ధతి మారలేదు. "ముందు సూత్రం రాయి, తర్వాత విలువలు వెయ్యి, ప్రమాణం మరిచిపోకు" అని మా మాస్టార్లు విసుగు లేకుండా చెప్పేవారు. ఓపికగా, వరుస తప్పకుండా చెప్పిన పాఠమే ఒకనాడు రసాయనశాస్త్రాన్ని దారిలో పెట్టింది. ఈ స్వర్ణోత్సవ వేళ మన గురువులకు నమస్కరించడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.