వెనుకవానిదే తప్పా?

బెంగుళూరు నుండి హైదరాబాదు పోవు రహదారి అనంతపురము చేరుటకు ముందు రాప్తాడు మీదుగా సాగును. వేరుశనగ ఎండిన యేట పని వెదకుకొనుచు బెంగుళూరు పోవువారికి దారి ఇదియే. ఈ దారిలో రాత్రివేళ దీపము లేక ఆగియున్న లారీని వెనుకనుండి వచ్చిన కారు ఢీకొన్నదనుకొందము. కారు వెనుక సీటులోనున్న ఊరివానికి కాలు విరిగినది. నష్టమెవరిచ్చుకొనవలెను? వెనుకవానిదే తప్పని రచ్చబండ వెంటనే తేల్చును. న్యాయస్థానములకు మాత్రము అంత సులభముగా తేలలేదు.

మోటారు పుట్టకముందే ఇంగ్లండులో ఈ చిక్కు వచ్చినది. 1809 లో ఒక రౌతు వేగముగా వచ్చి, దారికి అడ్డముగా పెట్టిన వాసము తగిలి పడెను. తన జాగ్రత్త తాను చూచుకొననివానికి పరిహారము లేదనిరి. 1842 లో, ముందుకాళ్లకు బంధము వేసి దారిలో విడిచిన గాడిదను ఒక బండి తొక్కి చంపెను. అట్లు విడుచుట తప్పే అయినను, బండివాడు జాగ్రత్తపడినచో తప్పించియుండెడివాడు గనుక నష్టము అతనిదేయనిరి. దీపములేని లారీల వ్యాజ్యములన్నిటికిని ఈ గాడిదయే మూలపురుషుడని మాకు తోచును.

మన దేశములో 1855 నాటి చట్టము ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు దావా హక్కు నిచ్చినది. 1939 లో మోటారు వాహనముల చట్టము వచ్చినది. 1946 జూలై 1 నుండి బీమా తప్పనిసరియైనది. 1956 నాటి సవరణతో పరిహారపు ట్రిబ్యునళ్లు ఏర్పడినవి. అయినను ఎదుటివాని తప్పు నిరూపించు భారము గాయపడినవానిపైననే నిలిచినది. ఆసుపత్రిలో స్పృహలేక పడియున్నవాడు సాక్షుల నెక్కడినుండి తెచ్చును?

ఇచ్చటనే మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక సాహసము చేసినది. తప్పు నిరూపింపకున్నను బాధితునకు పరిహారము దక్కవలెనని 1970 ల మధ్యలో తీర్పు చెప్పినది. 1977 లో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి, అజాగ్రత్తను నిరూపింపవలసినదేయనెను. తప్పుతో నిమిత్తములేని పరిహారమునకై న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యర్ తీర్పులలో పట్టుపట్టెను. తుదకు 1982 లో పార్లమెంటు కదలి, మరణమునకు 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యమునకు 7,500 రూపాయలు అట్లు ఇప్పించినది. 2022 ఏప్రిల్ 1 నుండి మరణమునకు 5 లక్షలు, తీవ్ర గాయమునకు 2.5 లక్షలు. మన హైకోర్టు సగము గెలిచినదని మా అభిప్రాయము. సగమేయనుట ఎందుకనగా, పోయిన సంపాదన, వైద్యపు ఖర్చు మొదలగు పూర్తి నష్టమును కోరువాడు నేటికిని తప్పు చూపవలసినదే.

ఆ తప్పు ఎవరిది? ముందు బండి హఠాత్తుగా ఆగినను తగులకుండునంత ఎడముంచవలెనని 1989 నాటి రహదారి నియమములు విధించినవి. లారీకి పది పదునైదు అడుగుల వెనుకగా పోయి ఢీకొన్న కారు విషయమున 2018 లో సుప్రీంకోర్టు ఆ నియమమునే చూపి, తప్పు కారు డ్రైవరుదేయనెను. రచ్చబండ మాట అచ్చట నెగ్గినది. లారీ దీపము లేక దారిలో నిలిచియున్నప్పుడు లెక్క మారును. ట్రిబ్యునలు తప్పును పాళ్లుగా పంచవచ్చును. కారు నడిపినవాని పాలు అతని పరిహారమునుండి తెగును. వెనుక సీటువానికి మాత్రము తెగదు. ఇద్దరి తప్పువలన గాయపడినవాడు వారిలో ఏ ఒక్కరినుండియైనను మొత్తము రాబట్టుకొనవచ్చునని 2015 లో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది.

కనుక ఆ ఊరివాడు అనంతపురము ట్రిబ్యునలు మెట్లెక్కునాటికి పోలీసుల ఎఫ్.ఐ.ఆర్. నకలును, లారీ నంబరును, ఆ రాత్రి లారీ వెనుక దీపము వెలుగుచుండెనో లేదో చూచిన ఒక మనిషిని వెంట తీసికొనిపోవలెను.